అప్‌డేట్: సంఘంలో నోరు విప్పాను

ఎనిమిదేళ్లు భర్త చేతిలో దెబ్బలు తిన్న సంగతి మా పొదుపు సంఘం సమావేశంలో చెప్పవచ్చా, చెబితే పిల్లలకు చెడ్డపేరు వస్తుందా అని రెండు నెలల క్రితం మిమ్మల్ని అడిగాను. పోయిన ఆదివారం చెప్పాను. తలుపు తగిలి కమిలిందని నేనాడిన అబద్ధాల దగ్గరికి వచ్చేసరికి, వెనుక కూర్చున్న ఒక చెల్లెలు పమిట కొంగును మోచేతి దాకా కప్పుకుని తల దించుకుంది. అందరూ వెళ్లేదాకా చాపలు మడుస్తూ ఆగి, "అక్కా, మీరు ఎవరికి ఫోన్ చేశారు?" అని మాత్రమే అడిగింది.

మహిళల హెల్ప్‌లైన్ 181కి చేశానని, తరువాత హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే ప్రభుత్వ సఖి కేంద్రానికి వెళ్లానని చెప్పాను. 2005 నాటి గృహహింస చట్టం కింద కొట్టకుండా రక్షణ ఉత్తర్వును, ఇంట్లోంచి గెంటివేయకుండా నివాస ఉత్తర్వును మేజిస్ట్రేటు ఇవ్వవచ్చని, విడాకులు కోరకుండానే వాటిని అడగవచ్చని వివరించాను. ఈ చివరి మాట తెలియకనే నాకు మూడేళ్లు వృథా అయ్యాయి. ఇల్లు విడిచే సమయంలోనే ప్రమాదం పెరుగుతుంది కనుక ఆమెను తొందరపెట్టలేదు. ఆధార్, పిల్లల సర్టిఫికెట్లు, డాక్టరు చీటీలు నమ్మకమైన చోట దాచుకోమన్నాను.

నా పిల్లలను ఇంతవరకు ఎవరూ ఒక్క మాట అనలేదు. నిన్న ఆమె ఫోన్ చేసింది. బుధవారం సఖి కేంద్రానికి ఆమెకు తోడుగా వెళ్తున్నాను.