నాన్న మారుతి 800: వాడాలా, అమ్మేయాలా?

నల్లకుంట వాసి:
మా నాన్న 1998లో కొన్న మారుతి 800 ఇది. ఏపీ 11 నంబరు, తెల్ల బండి, కార్బొరేటర్ మోడల్. ఆయన పోయి రెండేళ్లు. అప్పటి నుంచి గేటు లోపల కవరు కిందే ఉంది. మొన్న కొత్త బ్యాటరీ వేయించి, చోక్ లాగి సెల్ఫ్ కొడితే మూడోసారికి లేచింది. తార్నాకలో ఆఫీసుకు రోజూ దీని మీదే వెళ్దామని నా ఆశ. మా ఆవిడేమో "గుర్తు కావాలంటే ఫొటో తీసి గోడకు పెట్టు, గేటు ఖాళీ చెయ్యి" అంటోంది. వాడుతున్న వాళ్లు చెప్పండి.

కొత్తపేట కుర్రాడు:
అమ్మేయండన్నా. ఎయిర్‌బ్యాగులు లేవు, సడన్ బ్రేకు కొడితే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు. బండి మొత్తం 650 కిలోలు, పక్కన వెళ్లే కార్లు చాలావరకు దానికంటే బాగా బరువు. ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 దాకా వెళ్లొచ్చు ఇప్పుడు. అక్కడ దీన్ని ఊహించుకోండి. తయారీ కూడా 2014 జనవరిలోనే ఆగిపోయింది. పైగా 15 ఏళ్లు దాటిన బండి కదా, పట్టుకుంటారు.

సైదాబాద్ పాతబండి:
నల్లకుంట నుంచి తార్నాకకు ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా వెళ్లేది ఎవరు తమ్ముడూ? 15 ఏళ్లకే పక్కన పెట్టాలన్న రూలు ఢిల్లీ వైపుది. ఇక్కడ ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు. ఫీజు మాత్రం మండిపోతోంది. 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 అయింది, 20 ఏళ్లు దాటిన కార్లకు 2025లో 10,000 చేశారు. గ్రీన్ టాక్స్ వేరే.

నా దగ్గర 1996 బండి ఉంది. తొమ్మిదేళ్లుగా రోజూ కోఠికి దాని మీదే. మూడు మీటర్ల ముప్పావు కూడా లేని బండి, సుల్తాన్ బజార్ గల్లీలో ఎక్కడైనా దూరుతుంది. ఆ 796 సీసీ ఇంజన్ కుటుంబమే మారుతి వాళ్ల ఓమ్నీ వ్యాన్‌లోనూ ఉండేది, ఓమ్నీ 2019 దాకా వచ్చింది. అందుకే క్లచ్ ప్లేటు, వాటర్ పంపు, బ్రేక్ షూలు రాణిగంజ్‌లో అడిగితే దొరుకుతాయి. దొరకనివి చిన్నవే: డోర్ బీడింగు, అద్దం తిప్పే హ్యాండిల్. వాటికోసం పాత సామాన్ల షాపుల చుట్టూ తిరిగీ తిరిగీ నా ఆదివారాలు అయిపోయాయి.

కష్టాలు దాచను. మే నెలలో ఏసీ వేసుకుని సిగ్నల్లో నిలబడితే ఇంజన్ వేడి చూపే సూది ఎర్రగీత వైపు పాకుతుంది. అప్పుడు మనకే చెమటలు. రేడియేటర్ కడిగించండి, ఫ్యాన్ స్విచ్ చూపించండి. వానల్లో మలక్‌పేట రైలు బ్రిడ్జి కింద నీళ్లు నిలిచినప్పుడు దిగకండి. స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ తడిసిందంటే బండి అక్కడే ఆగుతుంది. నేను దిగాను, నలుగురు తోశారు.

ఇంకోటి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు పైపులు దానికి తట్టుకోవు. మీ బండి రెండేళ్లు నిలిచింది కాబట్టి ట్యాంకు ఖాళీ చేయించి, పెట్రోలు పైపులన్నీ మార్పించాకే రోడ్డెక్కండి. నాకు ఒకరోజు క్యాబిన్‌లో పెట్రోలు వాసన వచ్చింది. చూస్తే పైపు చిట్లి ఉంది.

కొత్తపేట కుర్రాడు:
ఢిల్లీ రూలు సంగతి ఒప్పుకుంటున్నా. మరి ఎయిర్‌బ్యాగు? పిల్లల్ని ఎక్కిస్తారా అందులో?

సైదాబాద్ పాతబండి:
ఎక్కించను. పిల్లలతో వెళ్లాలంటే మా ఆవిడ కారు. ఈ బండి నా ఒక్కడికే, సిటీలోనే, 50 దాటకుండా.

కాగితాల మనిషి:
అందరూ ఇంజన్ గురించే మాట్లాడుతున్నారు. ఆర్‌సీ ఎవరి పేరున ఉంది? ఓనరు పోయినప్పుడు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలి, మూడు నెలల్లో ఫామ్ 31 పెట్టి వారసుడి పేరుకు మార్పించుకోవాలి. ఇన్సూరెన్సు కూడా ఆ పేరుకే మారాలి. అది లేకుండా రోడ్డెక్కి ఎవరికైనా తగిలిస్తే కోర్టు చుట్టూ తిరగాల్సింది మీరే. వింటేజ్ కింద, అంటే పురాతన బండిగా రిజిస్టర్ చేయిద్దామంటారేమో, దానికి 50 ఏళ్లు నిండాలి, పైగా రోజూ తిప్పనివ్వరు.

నల్లకుంట వాసి:
బీరువాలోంచి ఆర్‌సీ తీశాను. నాన్న పేరే ఉంది. ఇన్సూరెన్సు ఆయన పోయిన ఏడాదితోనే ఆగిపోయింది. ముందు కాగితాలు, తర్వాత పైపులు. అక్క దగ్గర కూడా అభ్యంతరం లేదని సంతకం తీసుకుందామని ఇప్పుడే ఫోన్ చేశాను. విషయమంతా విని "అయితే బండి నాకిచ్చెయ్‌రా, నేను డ్రైవింగ్ నేర్చుకున్నదే దాని మీద" అంటోంది.