సంస్మరణ వ్యాసంలో లోపం రాయవచ్చా? ఒక వాక్యం మీద చర్చ

సంచిక బాధ్యుడు:

మా సంఘం ఏటా ఒక సంచిక వేస్తుంది. ఆ ఏడాది కాలం చేసిన సభ్యుల గురించి చివరి పుటల్లో చిన్న చిన్న వ్యాసాలు ఉంటాయి. ఈసారి పదకొండు మంది ఉన్నారు. పది వ్యాసాల విషయంలో ఎవరికీ పేచీ లేదు. పదకొండోది పంతొమ్మిదేళ్లు మాకు కోశాధికారిగా పనిచేసిన పెద్దాయన గురించి నేను రాసినది. వివాదమంతా అందులోని ఈ ఒక్క వాక్యం మీదే: “రసీదు లేని ఖర్చును, అది ఎంత చిన్నదైనా, ఎవరిదైనా, ఆయన చెల్లించేవారు కాదు, ఆ పట్టుదల కారణంగా ఇద్దరు మంచి కార్యకర్తలు సంఘానికి శాశ్వతంగా దూరమయ్యారు.”

చిత్తుప్రతి చూసిన కుటుంబ సభ్యులు ఈ వాక్యం తీసేసి, దాని స్థానంలో “నిజాయితీకి మారుపేరుగా నిలిచారు” అని వేయమన్నారు. వారి బాధ నాకు అర్థమవుతూనే ఉంది, ఆయన పోయి ఇంకా ఐదు నెలలు కాలేదు. అయితే వారు కోరిన మాట వేస్తే, ఆ వ్యాసం ఆయనదే అని చెప్పడానికి ఫొటో తప్ప వేరే ఆనవాలు మిగలదని నా అనుమానం. సంఘం తన వారిని తలుచుకునేటప్పుడు ఎంతవరకు నిజం రాయాలి, ఆ హద్దు గీసే హక్కు ఎవరిది? పెద్దలు, అనుభవజ్ఞులు తమ అభిప్రాయం చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పాత సభ్యుడు:

బాధ్యుడు గారూ, మీ వాక్యం తప్పని నేను అనను. కానీ దానికి ఆ పుటలో చోటు లేదు. కారణం చాలా సాధారణమైనది. బతికి ఉన్న మనిషిని మీరు విమర్శిస్తే ఆయన తిరిగి జవాబు చెప్పగలడు. ఆ ఇద్దరూ ఎందుకు వెళ్ళిపోయారో, అందులో తన పాలు ఎంతో, వారి పాలు ఎంతో తన వైపు నుంచి వివరించగలడు. చనిపోయిన మనిషికి ఆ అవకాశం లేదు. ఒక పక్షం లేకుండా జరిగిన విచారణలో తీర్పు రాసి, దాన్ని సంచికలో అచ్చువేసి, ఇంటింటికీ పంచి, చివరికి ఆయన మనవలు దాచుకునే పుటగా మిగల్చడం న్యాయం కాదు.

స్పార్టాకు చెందిన జ్ఞాని ఖైలాన్ క్రీస్తుపూర్వం 6వ శతాబ్దంలోనే చనిపోయినవారిని నిందించవద్దని చెప్పాడని గ్రీకులు రాసుకున్నారు. ‘మరణాంతాని వైరాణి’, అంటే వైరాలు మరణంతో ముగుస్తాయి, అని మనకు రామాయణం చెప్పింది. రెండు వేరువేరు ప్రపంచాలు ఒకే మాట దగ్గర కలిశాయంటే అందులో ఏదో సత్యం ఉండి ఉండాలి.

వెనక బెంచీ:

పాత సభ్యుడు గారు తెచ్చిన రెండు సాక్ష్యాలూ, కాస్త నిదానించి చూస్తే, ఆయన వాదానికి ఎదురు తిరుగుతాయి.

ఖైలాన్ మాటగా, తత్వవేత్తల జీవితాలు రాసిన డయోజినీస్ లయర్షియస్ గ్రీకులో నమోదు చేసినది ‘చనిపోయినవారిని దూషించవద్దు’ అని మాత్రమే. లోకంలో వాడుకలో ఉన్నది ఆ తర్వాత ఎన్నో శతాబ్దాలకు లాటిన్‌లోకి వచ్చిన రూపం. అది ‘చనిపోయినవారి గురించి మంచి తప్ప మరేమీ చెప్పవద్దు’ అంటుంది. దూషించకపోవడం వేరు, మంచి తప్ప మరేమీ చెప్పకపోవడం వేరు. మొదటిది మర్యాద, రెండోది నోటికి తాళం. రసీదు అడిగేవారనీ, దాని వల్ల ఇద్దరు వెళ్ళిపోయారనీ చెప్పడం దూషణ కిందికి రాదు.

ఇక రామాయణం సంగతి. ఆ మాట ఏ సందర్భంలో వచ్చిందో గుర్తు చేసుకోండి. ధర్మం విడిచినవాడికి, క్రూరుడికి, పరస్త్రీలను చెరపట్టినవాడికి తాను సంస్కారం చేయనని విభీషణుడు మొరాయించాడు. శత్రువులెవరూ కాదు, సొంత తమ్ముడే ఆ మాట అన్నాడు. అప్పుడు రాముడు రావణుణ్ణి పుణ్యపురుషుడిగా మార్చి చెప్పలేదు. వాడు అధర్మపరుడూ అసత్యవాదీ అయితే కావచ్చు గాని తేజస్వి, బలవంతుడు, యుద్ధంలో ఎప్పుడూ శూరుడే అని ఒకే శ్లోకంలో రెండు వైపులా చెప్పి, ఆ తర్వాతే సంస్కారం చేయమన్నాడు. వైరం మరణంతో పోవాలన్నాడు గాని జ్ఞాపకం పోవాలని అనలేదు. నన్నడిగితే అంతకంటే పొదుపైన సంస్మరణ వాక్యం మన సాహిత్యంలో దొరకడం కష్టం.

మన భాషకు ఈ అతిశయోక్తి జబ్బు కొత్త కాదు. ‘చచ్చినవాడి కళ్ళు చారెడు’ అని సామెత పుట్టిందే అందుకు. కళ్ళు ఎంత ఉన్నాయో అంతే చెప్పమని మీ వాక్యం అడుగుతోంది, అంతకు మించి ఏమీ లేదు.

పాత సభ్యుడు:

శ్లోకం సంగతి ఒప్పుకుంటున్నాను, నేను సగమే గుర్తుంచుకున్నాను. అయినా రాముడు ఆ మాట రావణుడి తమ్ముడితో ముఖాముఖి చెప్పాడు. అచ్చువేసి మందోదరికి పంపలేదు.

పెద్దమ్మాయి:

నేను ఏ సంచికకూ సంపాదకురాలిని కాను, ఒక సంస్మరణ వ్యాసానికి కూతురిని మాత్రమే. అందుకని కుటుంబం వైపు నుంచి ఒక మాట చెప్పనివ్వండి.

మా నాన్నగారికి కోపం ఎక్కువ. కోపం రాబోతోందని ఇంట్లో అందరికీ ముందే తెలిసేది, ఎందుకంటే ఆయన మొదట కళ్ళజోడు తీసి, దాన్ని పంచె కొంగుతో తుడిచి, డబ్బాలో పెట్టి, ఆ డబ్బా మూత టక్కున వేసేవారు. ఆ శబ్దం వినపడగానే మేము ముగ్గురం మూడు గదుల్లోకి పారిపోయేవాళ్ళం. అరవడం పూర్తయ్యాక మళ్ళీ డబ్బా తెరిచి, జోడు పెట్టుకుని, ఏమీ జరగనట్లు పేపరు చదువుకునేవారు. మరో పావుగంటకు ఎవరో ఒకరిని పిలిచి లెక్కలు చెప్పేవారు. ఆయన పోయాక ఆయన పనిచేసిన సంస్థ వేసిన కరపత్రంలో ‘మృదుస్వభావి, అజాతశత్రువు, నిగర్వి’ అని మూడు విశేషణాలు వచ్చాయి. అమ్మ దాన్ని చదివి చాలాసేపు ఊరుకుని, ‘ఎవరి గురించో రాశారు’ అంది. మేము నవ్వాము, తర్వాత ఏడ్చాము. ఆ కాగితం మా ఇంట్లో ఎక్కడ ఉందో ఇప్పుడు నాకు తెలియదు. కళ్ళజోడు డబ్బా మాత్రం నా బల్ల సొరుగులో ఉంది.

అయితే ఒక తేడా గమనించమని కోరుతున్నాను. నాన్నగారి కోపం గురించి నేను చెబితే అది జ్ఞాపకం. అదే విషయం ఆయన దగ్గర పనిచేసినవారు ఐదో నెలలో అచ్చువేసి ఉంటే నేను బహుశా క్షమించి ఉండేదాన్ని కాదు. ఇది న్యాయం కాదని నాకు తెలుసు. దుఃఖానికి అంత న్యాయబుద్ధి ఉండదు.

వార్తాగది:

నేను దినపత్రికలో చాలా ఏళ్ళు మరణవార్తల బల్ల దగ్గర కూర్చున్నవాణ్ణి. పెద్దమ్మాయి గారు చెప్పిన మూడు విశేషణాలనూ నేను కొన్ని వందల సార్లు వేసి ఉంటాను, ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

విశేషణం ఎందుకు వస్తుందో చెబుతాను. రాసేవాడికి ఆ మనిషి తెలియనప్పుడు వస్తుంది, లేదా తెలిసి కూడా భయపడినప్పుడు వస్తుంది. మా దగ్గర దీనికి ఒక చాటుభాష కూడా ఉండేది. ‘ముక్కుసూటి మనిషి’ అంటే ఎవరితోనూ పొసగనివాడని, ‘మితవ్యయి’ అంటే పిసినారి అని, ‘స్నేహశీలి’ అంటే సాయంత్రాలు ఎక్కడ గడిపేవాడో అందరికీ తెలుసని అర్థం. ఇది మన సొంత కనిపెట్టుడేమీ కాదు. 1986లో లండన్ డైలీ టెలిగ్రాఫ్ మరణవార్తల పుటను చేపట్టిన హ్యూ మాసింగ్‌బర్డ్ ఇలాంటి మెత్తని మాటల చాటు నుంచి నిజం చెప్పడాన్ని ఒక కళగా మార్చాడు. చదవడానికి అది సరదాగానే ఉంటుంది, కాని పెద్ద పత్రిక పెద్ద మనుషుల గురించి చేసే ఆ చమత్కారం, ఒకరినొకరు రోజూ చూసుకునే చిన్న సంఘంలో వెటకారమే అవుతుంది. చాటుమాట కంటే సూటిమాటే గౌరవం.

మీకు పనికొచ్చే నమూనా వేరే ఉంది. 2001 సెప్టెంబరు 11 దాడుల్లో చనిపోయినవారి గురించి న్యూయార్క్ టైమ్స్ ‘పోర్ట్రెయిట్స్ ఆఫ్ గ్రీఫ్’ పేరుతో, ఒక్కొక్కరికి సుమారు 200 మాటల చొప్పున, రెండు వేలకు పైగా శబ్దచిత్రాలు వేసింది. పెద్ద అధికారికీ, వంటవాడికీ, అగ్నిమాపక సిబ్బందికీ దాదాపు ఒకే కొలత. చదువు, ఉద్యోగం, పదవుల జాబితా జోలికి పోకుండా ఆ మనిషిని పట్టిచ్చే ఒక అలవాటునో, ఒక పిచ్చినో పట్టుకుని రాశారు. వాటి మీద విమర్శా వచ్చింది. చనిపోయినవాళ్ళంతా ప్రేమమూర్తులేనా, అంతమందిలో ఒక్క చిరాకు మనిషి లేడా అని అడిగారు. ఆ విమర్శలో నిజం ఉంది. అయినా ఆ పద్ధతిలో నాకు నచ్చేది ఒకటుంది. ఒక అలవాటును ఉన్నదున్నట్లు చూపిస్తే మంచీ చెడూ అందులోనే వస్తాయి, విడదీసి తూకం వేయనక్కర లేదు. ‘రసీదు లేనిదే చెల్లించేవారు కాదు’ అన్నది అలాంటి వాక్యమే. చదివినవారిలో సగం మంది మెచ్చుకుంటారు, సగం మంది తల పట్టుకుంటారు. మీ ఇబ్బందంతా వాక్యం రెండో సగంలో ఉంది. ‘ఆ పట్టుదల కారణంగా ఇద్దరు దూరమయ్యారు’ అన్నప్పుడు మీరు చూపడం ఆపి తీర్పు చెప్పడం మొదలుపెట్టారు.

చట్టం మాట ఎవరూ ఎత్తలేదు గనుక ఒక ముక్క. ఇది దేశానికో తీరుగా ఉంటుంది. ఇంగ్లండులో చనిపోయినవారి తరఫున పరువు నష్టం దావా చెల్లదు. మన దేశంలో 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ ప్రకారం, ఆపాదించిన విషయం ఆ మనిషి బతికి ఉంటే పరువుకు భంగం కలిగించేదై, దగ్గరివారి మనసు నొప్పించాలన్న ఉద్దేశంతో చేసినదైతే, అది పరువు నష్టం కావచ్చు. మీ వాక్యానికి అలాంటి ఉద్దేశం లేదన్నది స్పష్టమే.

బయటికి వెళ్ళినవాడు:

నేను మీ సంఘం వాణ్ణి కాను. కాని మరోచోట ఇలాంటి ఒక పెద్దమనిషి కారణంగానే ఒక సంఘాన్ని వదిలి వచ్చాను కనుక, ఆ ‘ఇద్దరి’ తరఫున మాట్లాడే అర్హత కొంత ఉందనుకుంటాను.

ఆయన పోయినప్పుడు నివాళి వ్యాసం చదివాను. అందులో నా ప్రస్తావన లేదు. ఉండి ఉంటే ఏమి అనిపించేదని ఈ చర్చ చదువుతూ ఆలోచించాను. నిజం చెప్పాలంటే నాకు నచ్చేది కాదు. నా పన్నెండేళ్ల పని ఆయన స్వభావానికి ఒక ఉదాహరణగా మిగిలిపోయేది. నాకు జరిగింది అన్యాయమే అయితే దాన్ని ఆయన బతికి ఉన్నప్పుడు సమావేశపు మినిట్స్‌లో రాయవలసింది. అప్పుడు అందరూ మౌనంగా ఉండి, ఇప్పుడు ఆయన జవాబు చెప్పలేని పుటలో ధైర్యం తెచ్చుకోవడం నాకు న్యాయంగా తోచదు. బాధ్యుడు గారూ, ఆ ఇద్దరిని మీరు అడిగారా?

వెనక బెంచీ:

ఇది నాకు తట్టని కోణం. కుటుంబం అనుమతి గురించి అంతమంది మాట్లాడాము గాని, ఆ వాక్యంలో బతికి ఉన్నవారు ఇద్దరున్నారన్న సంగతి మరిచిపోయాము.

అయినా నా మాట పూర్తిగా వెనక్కు తీసుకోను. నిందారోపణ, మరణ కారణం, ఇంటి గొడవలు వేరు; అవి కుటుంబం చెప్పమంటే తప్ప మనవి కావు. ఆత్మహత్య విషయంలోనైతే కుటుంబం ఒప్పుకున్నా జాగ్రత్త తప్పదు. ఎలా చనిపోయారో వివరించవద్దనీ, దాన్ని ఏదో ఒక్క కారణానికి ముడిపెట్టవద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సవరించిన మాధ్యమ సూచనలు చెబుతున్నాయి, అది చిన్న సంచికకూ వర్తిస్తుంది. కాని పంతొమ్మిదేళ్లు అందరి ముందూ చేసిన పని ఆయన సొంత రహస్యమేమీ కాదు. దాన్ని తుడిచేస్తే ఆయన పనినే తుడిచేసినట్లవుతుంది.

సంచిక బాధ్యుడు:

అందరికీ కృతజ్ఞతలు. ఆ ఇద్దరిని నేను అడగలేదు. ఆ ప్రశ్న చదివాక సిగ్గుపడి, ఇద్దరిలో ఒకరికి ఫోన్ చేశాను. రెండోవారి జాడ తెలియలేదు. అంతకు ముందు రోజు కోశాధికారి గారి కుమార్తెతోనూ మాట్లాడాను. ఈసారి వాక్యం ఉంచాలా తీయాలా అని అడగకుండా, రసీదుల గురించి మీకు గుర్తున్నది చెప్పమని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి ఒక విషయం చెప్పారు. సంఘం పని మీద ఆయన స్వయంగా చేసిన ఒక ప్రయాణానికి టికెట్ ఎక్కడో పోగొట్టుకున్నారట. ఇల్లంతా వెతికించి, దొరకక, తన పేరు మీదే ఒక చీటీ రాసుకుని, దాని మీద ఎర్ర సిరాతో ‘ఆధారం లేదు, తిరస్కరించడమైనది’ అని రాసి సంతకం చేసి ఫైలులో పెట్టారట. నేను వెళ్ళి పాత ఫైళ్ళు తిరగేశాను. చీటీ ఉంది. దరఖాస్తుదారు సంతకమూ, తిరస్కరించినవారి సంతకమూ ఒకటే.

వాక్యం ఇప్పుడు ఇలా ఉంది: “రసీదు లేని ఖర్చును ఆయన ఎవరికీ చెల్లించలేదు, తనకు తాను కూడా, ఆ పట్టుదలతో వేగలేక సంఘాన్ని విడిచినవారూ ఉన్నారు.” చీటీ సంగతి దాని వెంటనే వస్తుంది. ఫోన్లో దొరికిన ఆ పాత కార్యకర్తకు దీన్ని చదివి వినిపించాను. అభ్యంతరం లేదు గాని ‘పట్టుదల’ తీసి ‘మొండితనం’ అని వేయమన్నారు, అది వేస్తే ఆయన సంస్మరణ సభకు కూడా వస్తానన్నారు. ఆ ఒక్క మాట దగ్గర కుటుంబం ఇంకా తేల్చలేదు. సంచిక అచ్చుకు వెళ్ళడానికి నాలుగు రోజులుంది.