స్టార్ రేటింగులు చూసి కాలేజ్ ఫుట్‌బాల్ జట్టు సత్తా చెప్పొచ్చా? మీ అనుభవాలు రాయండి

డల్లాస్_నాన్న

అందరికీ నమస్కారం. మేము ప్లేనోలో ఉంటాం, ఈ దేశం వచ్చి పదకొండేళ్లయింది. క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలియని నన్ను మా అబ్బాయి కాలేజ్ ఫుట్‌బాల్‌లోకి (సాకర్ కాదు, చేత్తో బంతి పట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్) లాగాడు. వాడిప్పుడు టెన్త్ గ్రేడ్. టెక్సాస్ యూనివర్సిటీ జట్టు లాంగ్‌హార్న్స్ అంటే ప్రాణం. ఏ స్కూలు పిల్లాడికి ఎన్ని స్టార్లు, ఎవరు ఏ యూనివర్సిటీకి మాటిచ్చారు, అన్నీ వాడికి నోటికి వచ్చు.

2025 సీజన్‌కి ముందు టెక్సాస్ దేశ ర్యాంకింగుల్లో నంబర్ వన్. క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆటను నడిపించేవాడు) ఆర్చ్ మ్యానింగ్ ఐదు స్టార్ల కుర్రాడు. మొదటి మ్యాచ్‌లోనే ఒహాయో స్టేట్ చేతిలో 14-7తో ఓడారు. చివరికి ఛాంపియన్‌ని తేల్చే 12 జట్ల ప్లేఆఫ్‌లో చోటు కూడా దక్కలేదు. అదే సీజన్‌లో ఎవరూ పెద్దగా లెక్కలోకి తీసుకోని ఇండియానా 16-0తో ఛాంపియన్ అయింది. ఆ రాత్రి మావాడు అన్నం తినలేదు. "నాన్నా, మరి ఈ స్టార్లన్నీ అబద్ధమేనా?" అని అడిగాడు. నాకు జవాబు తెలియలేదు. మీలో ఈ ఆటను దగ్గరగా చూసినవాళ్లు చెప్పండి.

హైదరాబాద్_ఆదివారం

అన్నా, అబద్ధం కాదు. నేను ఏడేళ్లు పిట్స్‌బర్గ్‌లో ఉండి 2021లో హైదరాబాద్ వచ్చేశాను. అక్కడి శనివారం రాత్రి మ్యాచ్ ఇక్కడ ఆదివారం తెల్లవారుజామున వస్తుంది. ఐదింటికి అలారం పెట్టుకుని లేస్తాను, ఇప్పటికీ.

ముందు లెక్క చెబుతాను. 247స్పోర్ట్స్, రైవల్స్, ఈఎస్‌పీఎన్ లాంటివి హైస్కూల్ ఆటగాళ్లకు స్టార్లు ఇస్తాయి. ఐదు స్టార్లు ఏడాదికి సుమారు ముప్పై మందికే వస్తాయి. ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో 32 మందిని తీసుకుంటారు కదా, ఆ స్థాయికి వెళ్తారనుకున్నవాళ్లకే ఐదు. నాలుగు స్టార్లు కొన్ని వందల మందికి. మిగతా వేలమంది మూడు, రెండు. నాలుగు, ఐదు స్టార్ల వాళ్లని బ్లూ చిప్ అంటారు.

బడ్ ఎలియట్ అనే జర్నలిస్ట్ ఒక పద్ధతి పెట్టాడు. ఒక జట్టు గత నాలుగేళ్లలో హైస్కూల్ నుంచి తీసుకున్నవాళ్లలో సగానికి పైగా బ్లూ చిప్‌లు ఉన్నారా లేదా అని చూస్తాడు. ఈ రేటింగులు సరిగ్గా లెక్కపెట్టడం మొదలైన దగ్గర్నుంచి ఇండియానా దాకా, సగం దాటని జట్టుకి ఛాంపియన్‌షిప్ రాలేదు. 2016 క్లెమ్సన్, 2023 మిషిగన్ సగం గీత పైన కొద్దిగా ఉన్నాయి. అలబామా, జార్జియా, ఒహాయో స్టేట్ చాలాసార్లు ఎనభై శాతం చుట్టుపక్కల ఉంటాయి.

ఇక్కడ ఒకటి గమనించండి. సగం దాటితే కప్పు వస్తుందని ఈ లెక్క ఎప్పుడూ చెప్పలేదు. ఈ మధ్య ఏటా పదిహేను, అంతకు కాస్త పైన జట్లు సగం దాటుతున్నాయి. గెలిచేది ఒక్కటే. టెక్సాస్ కూడా ఆ సగం దాటిన జట్లలోదే. కాబట్టి మీ బాబు నమ్మినదాంట్లో తప్పు లేదు. స్టార్లు ఇవ్వని హామీని వాటి నుంచి ఆశించాడు, అంతే.

డల్లాస్_నాన్న

ఇది మన ఎంసెట్ ర్యాంకు లాంటిదన్నమాట. మంచి ర్యాంకు లేకపోతే మంచి కాలేజీలో సీటు రాదు, కానీ ర్యాంకు వచ్చినవాళ్లంతా జీవితంలో పైకి రారు.

కొలంబస్_అక్క

ఆ పోలిక నాకు అంత సరిగ్గా అనిపించలేదు తమ్ముడూ. ఎంసెట్‌లో అందరూ ఒకే పరీక్ష రాస్తారు. మారుమూల పల్లె పిల్లకీ విజయవాడ కార్పొరేట్ కాలేజీ పిల్లాడికీ ఒకే సిలబస్. ఈ స్టార్లకి పరీక్ష లేదు. ఎవరో చూడాలి, చూసి ఇవ్వాలి.

నేను ఫిజియోథెరపిస్ట్‌ని. ఒహాయోలో ఒక హైస్కూల్ జట్టుతో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. రేటింగు ఎలా వస్తుందో పక్కనుండి చూశాను. వేసవిలో క్యాంపులుంటాయి. అక్కడికి వెళ్లి పరిగెత్తి, దూకి, అందరి కళ్లల్లో పడాలి. విమానం టికెట్లు, హోటల్, తండ్రో తల్లో సెలవు పెట్టి తోడు వెళ్లడం, ఇదంతా డబ్బే. మా జట్టులో ఒక కుర్రాడు ఉండేవాడు. లైన్‌బ్యాకర్, అంటే ఎదుటివాళ్లని అడ్డుకునే డిఫెన్స్ ఆటగాడు. వాళ్లమ్మ రెండు ఉద్యోగాలు చేసేది. ఒక్క క్యాంపుకి కూడా వెళ్లలేకపోయాడు. ఒక రేటింగ్ సంస్థ మనిషి మా ఊరికి వస్తానని రెండుసార్లు చెప్పి రాలేదు. చివరికి వాడి పేరు పక్కన ఒక్క స్టార్ కూడా పడలేదు. ఆ పిల్లాడి మోకాలికి కట్టు కట్టిన చేతులివి, వాడెంత గట్టివాడో నాకు తెలుసు. ఇప్పటికీ తలుచుకుంటే బాధగా ఉంటుంది.

ఇంకొకటి. పెద్ద యూనివర్సిటీ నుంచి ఆఫర్ వచ్చిందని తెలియగానే రేటింగు పెరగడం కూడా చూశాను. ఆఫర్ చూసి స్టారు ఇచ్చి, తర్వాత స్టార్లు ఎక్కువున్న జట్లే గెలుస్తున్నాయంటే అందులో కొంత మన చేత్తో మనం కలిపిందే. అయినా పెద్ద కోచ్‌లు ఊరికే ఆఫర్ ఇవ్వరు కాబట్టి దాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం.

వయసు సంగతి కూడా చూడాలి. రేటింగు ఇచ్చేటప్పటికి పిల్లాడికి పదిహేడేళ్లు. ముందే ఎదిగినవాడు ఆ వయసులో కొండలా కనబడతాడు. ఆలస్యంగా ఎదిగేవాడు సన్నగా ఉంటాడు. జేజే వాట్ రెండు స్టార్ల ఆటగాడు. సెంట్రల్ మిషిగన్‌లో ఒక ఏడాది ఆడి, విస్కాన్సిన్‌కి స్కాలర్‌షిప్ లేకుండా వెళ్లాడు. తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఎంతటివాడయ్యాడో అందరికీ తెలుసు. తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పేరున్న క్వార్టర్‌బ్యాక్ అయిన జాష్ అలెన్‌కి హైస్కూల్ అయ్యేసరికి పెద్ద కాలేజీల్లో ఒక్క ఆఫర్ కూడా లేదు.

అగ్గీ_2023

2022 ఆగస్టులో టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ ఉన్న కాలేజ్ స్టేషన్ ఊరికి ఎంఎస్ కోసం వచ్చాను. దిగిన వారంలోనే సీనియర్లు చెప్పిన మాట, "ఈసారి మన దగ్గరికి వచ్చిన బ్యాచ్ లాంటిది చరిత్రలోనే లేదు". నిజంగానే 247స్పోర్ట్స్ లెక్కలో టెక్సాస్ ఏ అండ్ ఎం 2022 క్లాస్‌కి అప్పటిదాకా ఎవరికీ రానంత రేటింగ్ వచ్చింది.

సెప్టెంబర్ 10న మా స్టేడియం కైల్ ఫీల్డ్‌లో అపలాచియన్ స్టేట్ అనే చిన్న జట్టుతో మ్యాచ్. నేను చూసిన మొదటి ఫుట్‌బాల్ మ్యాచ్ అదే. రూల్స్ సగం తెలియవు. తొంభై వేలమందికి పైగా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. 17-14తో ఓడారు. ఆ సీజన్ 5-7తో ముగిసింది.

ఎందుకు అని చాలా ఆలోచించాను. ఆ బ్యాచ్ పిల్లలు పద్దెనిమిదేళ్లవాళ్లు. లైన్‌లో ఆడేవాడికి ఒళ్లు, బలం రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. క్వార్టర్‌బ్యాక్ స్థానంలో ఆ ఒక్క సీజన్‌లో ముగ్గురు ఆడారు. ఇక ఆ పిల్లలు ముదిరేదాకా ఉన్నారా అంటే, చాలామంది వేరే యూనివర్సిటీలకు వెళ్లిపోయారు. కోచ్ జింబో ఫిషర్‌ని 2023 నవంబర్‌లో తీసేశారు. కాంట్రాక్టు ప్రకారం ఆయనకి ఇవ్వాల్సింది 7.5 కోట్ల డాలర్లకు పైనే.

హైదరాబాద్_ఆదివారం

తమ్ముడూ, నువ్వు చెప్పినది నిజం. కానీ ఒకే జట్టుని చూసి స్టార్లు పనికిరావు అనేస్తే అవతలి వైపు కనబడదు. అదే 2022 సీజన్‌లో టీసీయూ (టెక్సాస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) సంగతి చూడు. స్టార్లు తక్కువ. సెమీఫైనల్‌లో మిషిగన్‌ని 51-45తో కొట్టారు. నేను సోఫాలోంచి లేచి అరిచాను. ఫైనల్లో జార్జియా ఎదురైంది. 65-7. రెండో క్వార్టర్‌కే నాకు చూడబుద్ధి కాలేదు.

ఆ తేడా ఎక్కడుందంటే బెంచిలో. మొదటి పదకొండుమందిని చూస్తే రెండు జట్లకీ మధ్య అంత దూరం ఉండదు. ఎదుటి జట్టుని ముందు వరుసలో అడ్డుకునే డిఫెన్సివ్ లైన్‌లో నూట నలభై కిలోల మనిషి ప్రతి ప్లేకి పరిగెత్తలేడు, మార్చి మార్చి దింపాలి. దింపినవాడు కూడా మొదటివాడంత గట్టిగా ఉంటే ఎదుటి జట్టు పని అయిపోతుంది. జార్జియా 2021లో కప్పు గెలిచిన జట్టు నుంచి 2022 డ్రాఫ్ట్‌లో 15 మంది వెళ్లారు. వెళ్లాక కూడా మరుసటి ఏడాది 15-0. స్టార్ల విలువ అక్కడ తెలుస్తుంది. విచిత్రం ఏమిటంటే ఆ రెండేళ్లూ క్వార్టర్‌బ్యాక్ స్టెట్సన్ బెనెట్, మొదట్లో స్కాలర్‌షిప్ లేకుండా చేరినవాడు.

కొత్తగా_చూస్తున్న

మంచి చర్చ. మరి ఇండియానా ఎలా గెలిచింది? ఎవరూ చెప్పలేదు.

బ్లూమింగ్టన్_పాతకాపు

నేను చెబుతాను. ఈ మాట రాయడానికి ఇన్నేళ్లు ఎదురుచూశాను.

2016 నుంచి 2018 దాకా ఇండియానా యూనివర్సిటీ ఉన్న బ్లూమింగ్టన్‌లో ఉన్నాను. అది బాస్కెట్‌బాల్ ఊరు. ఫుట్‌బాల్ రోజు బయట టైల్‌గేట్‌లో (మ్యాచ్‌కి ముందు పార్కింగ్‌లో చేసుకునే విందు) జనం కిటకిటలాడేవారు, మ్యాచ్ సగానికి గ్యాలరీలు ఖాళీ అయ్యేవి. మేము నలుగురం తెలుగువాళ్లం చివరిదాకా కూర్చునేవాళ్లం. 2023లో జట్టు 3-9.

ఆ ఏడాది చివర్లో కర్ట్ సిగ్నెట్టి కోచ్‌గా వచ్చాడు. ఆయన చరిత్ర తెలిస్తే ఈ చర్చకి చాలా దగ్గరగా అనిపిస్తుంది. 2007 నుంచి 2010 దాకా అలబామాలో పేరున్న హెడ్ కోచ్ నిక్ సేబన్ దగ్గర రిక్రూటింగ్ బాధ్యత చూసినవాడు. అంటే స్టార్లతో జట్టు ఎలా కట్టాలో లోపలినుంచి చూసిన మనిషి. తర్వాత అదంతా వదిలి చిన్న కాలేజీలకి హెడ్ కోచ్‌గా వెళ్లాడు. అక్కడ ఐదు స్టార్ల వాళ్లు రారు. ఉన్నవాళ్లలో ఆడగలిగేవాణ్ణి ఏరుకోవాలి.

ఇండియానాకి వచ్చినప్పుడు తను అంతకుముందు కోచ్‌గా ఉన్న జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీ నుంచి తన పాత ఆటగాళ్లు పదముగ్గురిని వెంట తెచ్చుకున్నాడు. హైస్కూల్లో వాళ్ల పేరు పక్కన ఎన్ని స్టార్లున్నాయని చూడలేదు. కాలేజీ మైదానంలో ఇప్పటికే ఏం చేసి చూపించారో చూశాడు. మైకెయిల్ కమారా, ఐడెన్ ఫిషర్, డాంజెలో పాండ్స్ అలా వచ్చినవాళ్లే. పాండ్స్ ఎత్తు ఐదడుగుల తొమ్మిదంగుళాలు. ఎదుటివాళ్ల పాస్‌లను అడ్డుకునే కార్నర్‌బ్యాక్‌కి ఇది తక్కువ. ఆడుతుంటే చూడండి.

2024లో 11-2. ప్లేఆఫ్ మొదటి మ్యాచ్‌లో నోటర్ డామ్ చేతిలో ఓడాం. 2025లో క్యాలిఫోర్నియా యూనివర్సిటీ (బర్క్‌లీ) జట్టు నుంచి క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజా వచ్చాడు. మయామిలో పెరిగిన కుర్రాడు, స్కూల్లో ఉండగా పెద్ద జట్లు పట్టించుకోలేదు, మొదట యేల్‌కి మాటిచ్చాడు. మా దగ్గరికొచ్చి దేశంలో మేటి కాలేజ్ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచాడు. కాన్ఫరెన్స్ ఫైనల్లో ఒహాయో స్టేట్‌ని 13-10, రోజ్ బౌల్ అనే ప్లేఆఫ్ మ్యాచ్‌లో అలబామాని 38-3, తర్వాత ఆరెగన్‌ని 56-22, చివరికి వాళ్ల సొంత ఊరి స్టేడియంలోనే మయామిని 27-21. నాలుగో డౌన్‌లో, అంటే చివరి ప్రయత్నంలో, మెండోజా బంతి పట్టుకుని దెబ్బలు తింటూ ఎండ్ జోన్‌లోకి దూకాడే, అప్పుడు నేను ఏడ్చాను. ఆ నలుగురం వీడియో కాల్‌లో ఉన్నాం. ఎవరికీ మాట రాలేదు.

హైదరాబాద్_ఆదివారం

అభినందనలు బ్రదర్. ఒకటి చేర్చాలి. నేను చెప్పిన సగం లెక్కలో హైస్కూల్ నుంచి వచ్చినవాళ్లే ఉంటారు, ట్రాన్స్‌ఫర్‌గా వచ్చినవాళ్లు లెక్కలోకి రారు. ఒకప్పుడు యూనివర్సిటీ మారితే ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలి. 2021లో, మొదటిసారి మారేవాళ్లకి ఆ బాధ పోయింది. అదే ఏడాది జూలై నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు. 2025 నుంచి యూనివర్సిటీలే నేరుగా డబ్బు పంచుతున్నాయి, మొదటి ఏడాది ఒక్కో యూనివర్సిటీకి పరిమితి 2.05 కోట్ల డాలర్లు. నాలుగు స్టార్ల కుర్రాడు జార్జియా బెంచి మీద మూడేళ్లు ఎందుకు కూర్చుంటాడు? ఇంకోచోట ఆడతాడు, డబ్బూ వస్తుంది. నేను పైన గొప్పగా చెప్పిన ఆ బెంచి ఇప్పుడు పలచబడుతోంది.

కొలంబస్_అక్క

అయినా 2024లో మా ఒహాయో స్టేట్ దాదాపు 90 శాతం బ్లూ చిప్‌లతోనే గెలిచింది. నవంబర్‌లో సొంత గడ్డ మీద మిషిగన్ చేతిలో 13-10తో ఓడినప్పుడు మా వీధిలో ఎవరూ ఎవరితో మాట్లాడలేదు. ఆ తర్వాత ప్లేఆఫ్‌లో నాలుగు మ్యాచ్‌లూ గెలిచారు. అలసిపోయిన జనవరిలో ఆ బెంచే కాపాడింది. కాబట్టి ఆ పాత దారి ఇంకా మూసుకుపోలేదు, పక్కన ఇంకో దారి తెరుచుకుంది.

డల్లాస్_నాన్న

ఇదంతా మావాడికి చదివి వినిపించాను. మళ్లీ మొదటినుంచి చదవమన్నాడు.

ఇంకో సంగతి ముందే చెప్పాల్సింది. వాడు స్కూల్ జట్టులో కిక్కర్, బంతిని గోల్ పోస్టుల మధ్యకి తన్నేవాడు. సాకర్ ఆడుతూ అటు వెళ్లాడు. తన పేరు ఏ సైట్‌లోనూ లేదని లోపల బాధపడుతున్నాడని నాకు ఇప్పుడే అర్థమైంది. క్యాంపులకి పంపాలా అక్కా?

కొలంబస్_అక్క

తమ్ముడూ, ముందే చెప్పొద్దూ! కిక్కర్లకు ఈ స్టార్లు పెద్దగా వర్తించవు. మామూలు రేటింగుల్లో ఎంత మంచి కిక్కర్‌కైనా రెండో మూడో ఇస్తారు. వాళ్లకి వేరే క్యాంపులు, వేరే జాబితాలు ఉన్నాయి, కోచ్‌లు చూసేది వాటినే. ఈ వేసవికి డ్రైవ్ చేసి వెళ్లగలిగేంత దగ్గర్లో ఒక్క క్యాంపు చాలు. అప్పు చేసి నాలుగైదు తిప్పకండి. ప్రతి వారం నలభై గజాల కిక్‌లు వీడియో తీసి తేదీ వేసి దాచండి. తుంటి కండరాలు పట్టేస్తుంటే మాత్రం నాకు మెసేజ్ పెట్టండి, ఏ ఎక్సర్‌సైజులు చేయాలో వీడియో కాల్‌లో చూపిస్తాను. శనివారం పొద్దున ఖాళీగానే ఉంటాను, మ్యాచ్ మొదలయ్యేదాకా.