పురుగును తట్టుకునేది పచ్చ జొన్నా, హైబ్రిడ్డా?

చెల్కరైతు (కల్వకుర్తి): పోయిన వానాకాలం తెల్ల హైబ్రిడ్ జొన్న వేశాను. గింజ పాలు పోసుకునే దశలో కంకి నిండా పురుగు పడింది. పచ్చ జొన్నకు, అంటే పసుపు గింజ జొన్నకు, పురుగు రాదని మా పెదనాన్న అంటాడు. నిజమేనా?

పాతపంట (అచ్చంపేట): నిజమే. మా పచ్చ జొన్న కంకి వదులుగా ఉంటుంది. గాలి ఆడుతుంది, వాన నీరు నిలవదు, పిట్టలు పురుగును ఏరుకు తింటాయి. మీ హైబ్రిడ్‌ది గింజ బిగిసిన ముద్ద కంకి, దాన్ని ఒకసారి చీల్చి చూడండి. పైకి నిండుగా కనిపిస్తుంది, లోపల డొల్ల గింజలు, వాటి మధ్య పురుగుల తడి రెట్ట, దాని మీద బూజు. అంత లోపలికి మందు కూడా చేరదు.

రేగడి_కౌలు (నకిరేకల్): అది కంకి పురుగు సంగతి. కత్తెర పురుగును ఏం చేస్తారు? 2018లో కర్ణాటకలో బయటపడి ఆ ఏడాదే మన దగ్గరికీ వచ్చింది. తల మీద తిరగేసిన ‘వై’ గుర్తు, తోక దగ్గర చదరంగా నాలుగు చుక్కలు. కంకి వేయకముందే మొవ్వులో దూరి ఆకులను జల్లెడ చేస్తుంది. పక్కన మొక్కజొన్న ఉంటే ఇక చెప్పనక్కర లేదు. దాన్ని పూర్తిగా తట్టుకునే జొన్న రకం రైతు చేతికి రాలేదు.

పాతపంట: అడిగింది కంకి గురించి. వదులు కంకికి పురుగు తక్కువా, కాదా?

రేగడి_కౌలు: తక్కువే. కానీ గింజ రంగుకూ కంకి బిగువుకూ సంబంధమేమిటి? పచ్చ జొన్నలో ముద్ద కంకులు లేవా?

గడ్డివాము: వదులు కంకిలో పురుగుతో పాటు గింజనూ పిట్టలు తింటాయి కదా!

పాతపంట: మా ఊళ్లో పచ్చ జొన్నంటే వదులు కంకే. తరతరాలుగా వేస్తున్నాం.

రేగడి_కౌలు: నేనూ వేశాను. పచ్చ జొన్న అని విత్తనం అంటగట్టాడు ఒక దుకాణదారు, కంకి వేశాక చూస్తే సగం తెల్లది. పైగా వాన ఆలస్యమై జూలై నెలాఖరున విత్తాను, మొవ్వు ఈగ పడి నడి మొవ్వులు ఎండిపోయాయి. పీకితే ఊడి చేతికొచ్చాయి. మీ తరతరాల జొన్న అప్పుడేం చేసింది?

పాతపంట: ఆలస్యంగా విత్తింది మీరు, తిట్లు జొన్నకా? ఎవరడిగినా హైబ్రిడ్ వేయమంటారు. మీకు విత్తనాల కొట్టేమైనా ఉందా?

రేగడి_కౌలు: కొట్టు ఉంటే కౌలుకెందుకు తీసుకుంటాను? మీది సొంత చేను. పండితే తింటారు, పండకపోతే చొప్ప పశువులకు వేస్తారు. నేను పండినా పండకపోయినా కౌలు కట్టాలి. 2025–26కు హైబ్రిడ్ జొన్న మద్దతు ధర క్వింటాకు 3,699 రూపాయలు. పచ్చ జొన్న వేసి ఎకరాకు నాలుగు క్వింటాళ్లు తగ్గితే ఎంత పోతుందో లెక్క వేయండి. పురుగు కొంత తిన్నా హైబ్రిడ్‌లో నాకు మిగిలేదే ఎక్కువ.

పాతపంట: ఆ ధరకు కొనే కేంద్రం మీ ఊళ్లో తెరిచారా? అది వదిలేయండి. పాలు పోసుకునే గింజ మీద మందు కొడతారు, ఆగాల్సిన రోజులు గడవకముందే కోస్తారు. ఆ జొన్నతో మీ ఇంట్లో రొట్టె చేస్తారా?

రేగడి_కౌలు: మందు కొట్టిన ఏడాది చేయలేదు.

పాతపంట: మరి కొన్నవాళ్లు?

రేగడి_కౌలు: కొన్నవాళ్లు మందు లేని జొన్నకు ఒక్క రూపాయి ఎక్కువిచ్చారా? ఇవ్వమనండి, రేపటి నుంచి వదులు కంకే వేస్తాను, పిట్టలకు కాపలా కూడా ఉంటాను.

గడ్డివాము: పశువుల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను. పూతకు రాని జొన్న, అందులోనూ బెట్టకు వాడినది కోసి వేయకండి, విషం. పురుగు తిన్నదని పైరు మొత్తం కోసి ఆవుకు వేసేవాళ్లున్నారు.

చెల్కరైతు: మాకు తినడానికి ఎకరం చాలు, అందులో వదులు కంకి రకమే వేస్తాను. మిగతా రెండెకరాలు అమ్మడానికి. కలగాపులగం కాని విత్తనం ఎక్కడ దొరుకుతుంది?

పాతపంట: నాగర్‌కర్నూల్ జిల్లా పాలెం వ్యవసాయ పరిశోధన స్థానంలో అడగండి. ఆ రెండెకరాలు కూడా ఆ ఎకరంతో పాటే విత్తండి, వారం తేడా కూడా వద్దు, ఆలస్యమైన దానికే పురుగు ఎక్కువ.

రేగడి_కౌలు: కంకి ఎలా ఉంటుందో కూడా అడగండి. రంగు చూసి తెచ్చుకోకండి.