పాత తెలుగు పుస్తకం విదేశీ మిత్రునికి: అసలు ప్రతి పంపాలా, స్కాన్ చాలా?

కడప_బైండరు
పాత పుస్తకాలు పోగుచేసేవాళ్ళ స్నేహానికి దేశం అడ్డం కాదు. విదేశీ మిత్రులు వాళ్ళ బడిలో నూరేళ్ళ కిందట చదివిన వాచకం మనకు పంపుతారు, మన పాత వాచకం ఒకటి అడుగుతారు. అప్పుడు అసలు ప్రతి ఇవ్వాలా, స్కాన్ తీసి పంపి ఊరుకోవాలా? రెండు ప్రతులుంటే ఒకటి ఇవ్వాల్సిందే అని నా మాట. స్కాన్‌లో వచ్చేది అక్షరం, బొమ్మ. కుట్టు దారం, వెన్నుకు అంటించిన పాత పత్రిక ముక్క, సీసం అక్షరం కాగితం వెనకకు దిగిన ఒత్తు, ఇవి చేతికి తెలియాల. సేకరించేవాడు వెతికేది వాటినే. పంపే ముందు మాత్రం మన బ్రౌన్ గ్రంథాలయం, వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, ఈ మూడు చోట్లా ఆ ముద్రణ ఉందేమో కనుక్కోవాల. ఎక్కడా లేకుంటే కదపగూడదు.

కర్నూలు_దస్త్రం
అన్నా, మీ రెండు ప్రతుల లెక్క చట్టానికి పట్టదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం సాహిత్య, చారిత్రక విలువ ఉన్న రాతప్రతి, దస్తావేజు 75 ఏళ్ళు దాటితే పురావస్తువే. మిగతా వస్తువులకు గడువు 100 ఏళ్ళు. వాటిని కేంద్ర ప్రభుత్వమో, అది అధికారమిచ్చిన సంస్థో తప్ప ఎవరూ దేశం దాటించకూడదు. దాటిస్తే ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ళ దాకా జైలు, పైన జుర్మానా. స్నేహంగా ఊరికే ఇచ్చినాం అంటే చెల్లదు, డబ్బు తీసుకున్నారా లేదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. నూరేళ్ళు దాటిన అచ్చు పుస్తకం ఈ లెక్కలోకి వస్తుందా అని సందేహం వస్తే తేల్చేది పురావస్తు శాఖే, మనం కాదు. ముఖపత్రం, ముద్రణ వివరాల పేజీ, అట్ట ఫొటోలు తీసి, కొలతలు రాసి, పురావస్తువు కాదని వాళ్ళ దగ్గర సర్టిఫికెట్ తీసుకున్నాకే పోస్టాఫీసు మెట్లెక్కాల.

ఇంకొకటి. లోపల గ్రంథాలయం ముద్ర ఉండి, తొలగించినట్టు ముద్ర లేకుంటే అది ఇంకా ఆ గ్రంథాలయానిదే. అది స్వదేశంలో కూడా చేతులు మారకూడదు.

అనంత_పాతప్రతి
చట్టం ఒప్పుకున్నా కాగితం ఒప్పుకోదు. 1840ల నాటి గుడ్డపీలికల కాగితం ఇప్పటికీ వంగుతుంది. 1930ల నాటి కొయ్యగుజ్జు కాగితం వేలితో మడిస్తే విరుగుతుంది. సిరా పాకకుండా అందులో కలిపిన పటిక ఆమ్లంగా మారి పోగులను తినేస్తుంది. మన అనంతపురం ఎండకు అందులో ఉన్న కాస్త తేమా పోతుంది. దాన్ని తీసుకుపోయి తేమదేశంలో విప్పితే కాగితం ఉబ్బుతుంది, అట్ట వంకరపోతుంది, వెన్ను దగ్గర జిగురు వదిలేస్తుంది. కడపలో పండితులను జీతాలకు పెట్టుకుని ప్రతులు శుద్ధి చేయించిన బ్రౌన్ దొరే, లండన్‌లో ఈస్టిండియా కంపెనీ కచేరీ అయిన ఇండియా హౌస్‌లో పడున్న దక్షిణాది రాతప్రతులను మద్రాసుకు తెప్పించినాడు. మనం ఎదురు దిక్కున పంపడం ఏం న్యాయం?

కడప_బైండరు
అవి రాతప్రతులు అన్నా, ఒక్కోటి పోతే మళ్ళీ పుట్టదు. వందల్లో అచ్చయిన వాచకంతో వాటిని పోల్చొద్దు. కాగితం విషయం ఒప్పుకుంటా, అందుకే కట్టే పద్ధతి చెప్తా.

మొదట పురుగు సంగతి. పుస్తకాన్ని పాలిథీన్ సంచిలో గాలి పోకుండా మూసి, ఇంటి ఫ్రిజ్ పైగడిలో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచాల. బయటికి తీసినాక ఒక రోజంతా సంచి విప్పగూడదు, విప్పితే మంచు నీరై కాగితానికి దిగుతుంది. కలరా ఉండలు వద్దు, ఆ వాసన ఏళ్ళతరబడి పోదు. వేపాకు పెడితే మరక పడుతుంది.

తర్వాత ఆమ్లం లేని పలచటి కాగితం చుట్టాల. దొరకకుంటే గంజి పూర్తిగా పోయేదాకా ఉతికిన తెల్ల నూలుగుడ్డ. పేపరు చుట్టొద్దు, దాని సిరా అట్టకు అంటుతుంది. పుస్తకానికి నాలుగు వైపులా సెంటీమీటరు పెద్దవైన రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, నూలు టేపుతో అడ్డం నిలువు కట్టాల. రబ్బరు బ్యాండు వేస్తే అంచు కోసేస్తుంది. ఎక్కువ పుస్తకాలు పాడయ్యేది మూల మీద పడినప్పుడు, కాబట్టి పెట్టెలో అన్ని వైపులా ఐదు సెంటీమీటర్ల మెత్త ఉండాల. ఊపితే లోపల కదలిక వినపడగూడదు.

పొద్దుటూరు_పొత్తం
ఇటు వచ్చే పుస్తకం సంగతి ఎవరూ చెప్పలేదు. 2019 నుంచి దిగుమతి పుస్తకాలకు 5 శాతం కస్టమ్స్ సుంకం ఉంది. ఆ ఏడాది డిసెంబరు నుంచి పోస్టులో బహుమతి అని రాసినా సుంకం మినహాయింపు లేదు, ప్రాణం కాపాడే మందులకూ రాఖీకీ తప్ప. మిత్రునికి ఈ మాట ముందే చెప్పండి. మనం పంపేటప్పుడు పార్సిల్ మీద అంటించే కస్టమ్స్ ఫారం సీఎన్ 22 లేదా సీఎన్ 23లో "బుక్స్" అని ఒక్క మాట రాసి వదిలేయొద్దు. పేరు, అచ్చయిన ఏడు, పేజీలు, నిజమైన వెల, కస్టమ్స్ లెక్కలో పుస్తకాల కోడు 4901, అన్నీ రాయండి. వెల తగ్గించి రాస్తే పార్సిల్ పోయినప్పుడు పరిహారం కూడా ఆ తగ్గించిన వెలకే.

అనంత_పాతప్రతి
ఇంత తిప్పలెందుకప్పా? స్కాన్ బాగా తీస్తే సగం కోరిక తీరుతుంది. గాజు మీద బోర్లించే స్కానర్ వద్దు, వెన్ను విరుగుతుంది. ఇరుపక్కలా మెత్తలు పెట్టి 100 డిగ్రీలకు మించి తెరవకుండా, పైనుంచి కెమెరాతో తీయాల. 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు, మామూలు అచ్చుకు చాలు. వత్తులు సన్నగా ఉండే పాత అచ్చుకు 400 పెట్టకపోతే ఏ ఒత్తో తెలీదు. రంగులోనే తీసి, మూలం నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా దాచుకుని, మిత్రునికి పీడీఎఫ్ పంపొచ్చు. పక్కన స్కేలు పెట్టి అట్ట, వెన్ను, కుట్టు విడిగా తీస్తే కడపన్న అడిగిన గుర్తులు చాలావరకు అందులో వస్తాయి.

పొద్దుటూరు_పొత్తం
స్కాన్‌కూ హక్కుల చిక్కుంది. మన దగ్గర రచయిత పోయిన ఏడాది తర్వాత 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. 1950లో పోయిన రచయిత పుస్తకం ఇక్కడ 2011 నుంచి స్వేచ్ఛ. అదే పుస్తకం 1935లో తొలిసారి అచ్చయి ఉంటే అమెరికాలో లెక్క అచ్చు నుంచి 95 ఏళ్ళు, అంటే 2030 ఆఖరుదాకా హక్కు ఉన్నట్టే. అక్కడి మిత్రుడు దాన్ని నెట్‌లో పెడితే తప్పు అతని మెడకు చుట్టుకుంటుంది.

కడప_బైండరు
కర్నూలు దస్త్రం చెప్పినాక నా మాట కొంచెం మారుస్తున్నా. నూరేళ్ళు దాటినవి, రాతప్రతులు, ఒంటి ప్రతులు పక్కన పెట్టేస్తా. వాటికి అనంత అన్న చెప్పిన కెమెరానే. 1930 నుంచి ఇటు అచ్చయి, మూల మడిచినా విరగనిది, రెండో ప్రతి ఇంట్లో ఉన్నది అయితే అసలు ప్రతే పంపుతా. మడత పరీక్ష చేసేది చివరి ఖాళీ పేజీ మూల మీద మాత్రమే, అది కూడా ఒక్కసారే.