నాటకరంగంలో డిగ్రీ: అమ్మాయిని బెంగళూరు క్రైస్ట్ యూనివర్సిటీలో చేర్చవచ్చా?

ప్రశ్న (మారతహళ్లి నుంచి ఒక తండ్రి)

మాది అనంతపురం జిల్లా. ఉద్యోగరీత్యా చాలాకాలంగా బెంగళూరులో ఉంటున్నాము. మా అమ్మాయి ఈ సంవత్సరం సైన్సు గ్రూపుతో రెండవ పీయూసీ (మన ఇంటర్ రెండవ సంవత్సరం) రాసింది. మేము ఇంజనీరింగు కౌన్సెలింగు కోసం కాగితాలు సిద్ధం చేసుకుంటూ ఉండగా, తనకు ఆ చదువు మీద మనసు లేదనీ, హొసూరు రోడ్డులోని క్రైస్ట్ యూనివర్సిటీలో నాటకరంగం, ఇంగ్లీషు, సైకాలజీ కలిసిన బి.ఏ.లో చేరుతాననీ చెప్పింది. బడిలో ఉన్నప్పటి నుంచి నాటికలలో పాల్గొంటున్న పిల్ల కనుక ఈ కోరిక నిన్న మొన్న పుట్టినదని నేను అనుకోవడం లేదు. అయితే మా బంధువర్గంలో నాటకాన్ని డిగ్రీగా చదివినవారు ఒక్కరూ లేరు. ఎవరిని అడగాలో తెలియక ఇక్కడ అడుగుతున్నాను.

నా మొదటి సందేహం ఉపాధి గురించి. మూడు, నాలుగు సంవత్సరాలు అంత రుసుము కట్టి చదివిన తరువాత ఆ పట్టా చేతపట్టుకుని ఎక్కడికి వెళ్లాలి? రెండవది, నటన తరగతి గదిలో వచ్చే విద్యేనా అన్నది. మూడవది మా అత్తగారి ఆందోళన. అది క్రైస్తవ సంస్థ కాబట్టి పిల్ల మీద మతపరమైన ఒత్తిడి ఉంటుందేమోనని ఆమె భయపడుతున్నారు. నాకు అంత భయం లేకపోయినా, ఆమెకు సమాధానం చెప్పగలిగేంత సమాచారం నా దగ్గర లేదు. విషయం తెలిసినవారు మొహమాటపడకుండా చెప్పగలరు.

జవాబు 1 (నాటక ఉపాధ్యాయిని, వైట్‌ఫీల్డ్)

తండ్రిగారికి నమస్కారం. నేను ఇటువంటి మూడు సబ్జెక్టుల బి.ఏ.లోనే నాటకరంగం చదివి, ఇప్పుడు ఇక్కడి ఒక అంతర్జాతీయ పాఠశాలలో పిల్లలకు నాటకం బోధిస్తున్నాను. ముందు మీ రెండవ సందేహం తీసుకుంటాను. ఆ కోర్సులో ఏముంటుందో తెలిస్తే తప్ప ఉపాధి గురించిన మాట అర్థం కాదు.

ఈ చదువును నటనా శిక్షణ అని మాత్రమే అనుకుంటే సగమే చూసినట్లు. గొంతు, ఊపిరి, కదలిక, అప్పటికప్పుడు సన్నివేశాన్ని అల్లుకోవడం వంటి అభ్యాసాలు తప్పక ఉంటాయి. వాటి పక్కనే నాట్యశాస్త్రం చెప్పిన ఆంగిక (శరీరం), వాచిక (మాట), ఆహార్య (వేషం), సాత్త్విక (మనోభావం) అభినయాలూ, పాత్రలో లీనమవడం గురించి రష్యన్ దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ ఆలోచనలూ, ప్రేక్షకుడు కథలో కొట్టుకుపోకుండా ఆలోచిస్తూ చూడాలన్న జర్మన్ నాటకకర్త బ్రెక్ట్ పద్ధతీ పాఠాలుగా వస్తాయి. వీటన్నిటికంటె ఎక్కువ కాలాన్ని తినేది తెర వెనుక పని. ఒక నాటకం వేదిక మీదికి రావాలంటే ఎవరో ఒకరు దీపాలు ఎప్పుడు మారాలో చెప్పే లైటింగ్ క్యూ షీట్ రాయాలి, వేదిక మీద వాడే వస్తువుల (ప్రాపర్టీల) జాబితా చూసుకోవాలి, నటులు ఎక్కడ నిలబడి ఎటు కదలాలో దర్శకుడు నిర్ణయించిన బ్లాకింగును నోట్ చేసుకోవాలి, రిహార్సల్‌కు రాని వారి ఇంటికి ఫోన్ చేయాలి. మా తరగతిలో నటించాలని వచ్చినవారు చాలామంది, స్టేజ్ మేనేజ్‌మెంటు చేయవలసి వచ్చినప్పుడు ముఖం ముడుచుకున్నారు. నాటకరంగంలోనే నిలబడినవారిలో మాత్రం ఆ పని ఇష్టపడినవారే ఎక్కువ.

ఇప్పుడు ఉపాధి సంగతి. సినిమా అవకాశాన్ని లెక్కలో వేసుకోవద్దు; అది డిగ్రీ చూసి వచ్చేది కాదు. నాకు తెలిసి ఖాయంగా ఉన్న దారి బోధన. ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్), కేంబ్రిడ్జి అనే అంతర్జాతీయ బోర్డుల పాఠశాలలలో నాటకం పరీక్ష రాసే సబ్జెక్టు కాబట్టి బెంగళూరులో అటువంటి బడులకు నాటక ఉపాధ్యాయులు కావాలి. డిగ్రీ తరువాత బి.ఎడ్. కూడా చేస్తే ఆ దారి మరింత సుగమమవుతుంది. కళాశాల స్థాయిలో బోధించాలనుకుంటే పి.జీ. చేసి అధ్యాపకుల అర్హత పరీక్ష యూజీసీ నెట్ రాయవచ్చు. ఆ పరీక్షలో నృత్యం, నాటకం కలిసిన ప్రదర్శన కళల సబ్జెక్టు ఉన్నది. సైకాలజీ కలిసి ఉండడం కేవలం అలంకారం కాదు. నా సహాధ్యాయులలో కొందరు ఎం.ఎస్సీ. సైకాలజీ వైపు వెళ్లి, కౌన్సెలింగులో నాటక ప్రక్రియలను వాడుతున్నారు. ఇక సివిల్ సర్వీసుల వంటి పరీక్షలకు గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయపు డిగ్రీ ఏదైనా సరిపోతుంది కనుక ఆ తలుపులేవీ మూసుకుపోవు.

రెండు హెచ్చరికలు. సబ్జెక్టుల మేళవింపులు, కోర్సు కాలపరిమితి విషయంలో ఈ సంవత్సరపు ప్రాస్పెక్టస్ చూసిన తరువాతే నిర్ణయించుకోండి. క్రైస్ట్‌లో 85 శాతం హాజరు నియమం ఉన్నది. నాటకాలు ఆడే పిల్లలు క్లాసులు ఎగ్గొట్టడం లోకంలో మామూలే కానీ అక్కడ అది చెల్లదు.

జవాబు 2 (పరిషత్తు నాటకాల పాత నటుడు, వ్యాలికావల్)

ఉపాధ్యాయినిగారు చెప్పినదంతా నిజమే కావచ్చు. అయినా నేను కొంత విభేదిస్తాను. ఇక్కడి తెలుగు విజ్ఞాన సమితి వేదిక మీదా, ఆంధ్ర, రాయలసీమ ప్రాంతాల పరిషత్తు పోటీలలోనూ దశాబ్దాలపాటు నాటకాలాడినవాడిగా చెబుతున్నాను. మన తెలుగు నాటకాన్ని మోసినవారు నాటకాన్ని చదువుగా చదివినవారు కారు. వారు గుమాస్తాలు, ఉపాధ్యాయులు, ప్లీడర్లు. బళ్లారి రాఘవ వృత్తి న్యాయవాదం. ఆయన కోర్టులో వాదించుకుంటూనే తెలుగు, కన్నడ, ఇంగ్లీషు భాషలలో నటించి దేశమంతటా పేరు తెచ్చుకున్నారు. నాటకమే జీవనాధారంగా బతికినవారిని చూపించమంటే సురభి వారిని చూపించవలసి ఉంటుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు మొదలుపెట్టిన ఆ సమాజంలో పిల్లలు నడక నేర్చేది రంగస్థలం మీదనే. ఆ కుటుంబాలు పడిన ఆర్థిక ఇబ్బందులు కూడా మనకు తెలియనివి కావు.

కాబట్టి నా సలహా ఇది. అమ్మాయి తనకు అన్నం పెట్టే డిగ్రీ ఏదో ఒకటి చేయాలి. ఆ తరువాత కూడా ఆసక్తి చల్లారకపోతే నాటకానికే ప్రత్యేకించిన సంస్థలు ఉన్నాయి. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా 1959 నుంచి నడుస్తున్నది; దాని మూడేళ్ల డిప్లొమాకు డిగ్రీతోపాటు నాటకాలలో పనిచేసిన అనుభవం అడుగుతారు, ఆ డిగ్రీ నాటకంలోనే ఉండాలన్న నియమం లేదు. ఆ సంస్థకే బెంగళూరులో కేంద్రం ఉన్నది, అక్కడ ఏడాది కోర్సు ఉంటుంది. కన్నడం బాగా వస్తే శివమొగ్గ జిల్లా హెగ్గోడులో కె.వి. సుబ్బణ్ణగారి నాటక సంస్థ నీనాసం ఉన్నది. తెలుగువారికి హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో రంగస్థల కళల పి.జీ. ఉన్నది. ఇన్ని దారులు ఉండగా బి.ఏ. స్థాయిలోనే అంత రుసుము పోయడం ఎందుకు?

ఇంకొక మాట కూడా అనవలసి ఉన్నది. ఇంగ్లీషు నాటకంలో తయారైన గొంతు పద్యం అందుకోవాలంటే ఎంత తడబడుతుందో నేను కళ్లారా చూశాను. శ్వాస ఎక్కడ ఆపాలో, రాగం ఎక్కడ వదలాలో చెప్పేవారు ఆ తరగతి గదులలో ఉండరు.

జవాబు 3 (నాటక ఉపాధ్యాయిని, వైట్‌ఫీల్డ్)

పెద్దలు రాఘవగారి పేరు ఎత్తారు కనుక ఒక విషయం గుర్తుచేస్తాను. ఆయన పట్టభద్రుడైనది మద్రాసు క్రిస్టియన్ కాలేజీ నుంచి, న్యాయశాస్త్రం ఆ తరువాత. అంటే క్రైస్తవ విద్యాసంస్థకూ మన రంగస్థలానికీ చుట్టరికం ఈనాటిది కాదు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని పట్టుబట్టి, కొమ్మూరి పద్మావతీదేవి వంటివారితో కలిసి నటించినవారు కూడా ఆయనే.

నా అసలు అభ్యంతరం అక్కడే ఉన్నది. పగలు ఉద్యోగం, రాత్రి రిహార్సల్ అనే పద్ధతి మగవారికి సాగినంత సులభంగా ఆడపిల్లలకు సాగదు. ఆఫీసు ముగించుకుని రాత్రి ఎనిమిదికి బసవనగుడిలోని ఎవరి మేడ మీదికో వెళ్లి, పదకొండింటికి మారతహళ్లికి తిరిగి వస్తానంటే ఎంతమంది తల్లిదండ్రులు ఒప్పుకుంటారు? ఒకవేళ ఒప్పుకున్నా, పెళ్లి తరువాత ఆ వెసులుబాటు ఎంతకాలం ఉంటుంది? డిగ్రీలో నాటకం సబ్జెక్టుగా ఉంటే పట్టపగలు, టైంటేబుల్ ప్రకారం, మార్కుల కోసం రిహార్సల్ చేసే హక్కు అమ్మాయికి దొరుకుతుంది; ఇంట్లో ఎవరినీ బతిమాలుకోవలసిన పని ఉండదు. నేను కట్టిన రుసుములో నాకు బాగా గిట్టుబాటైనది ఇదే అనిపిస్తుంది.

పద్యం గురించి మీరు చెప్పినది కాదనలేను. అది అక్కడ దొరకదు. కావాలంటే మీవంటివారి దగ్గరికి వచ్చి నేర్చుకోవలసిందే.

జవాబు 4 (తెలుగు క్రైస్తవ సంఘపు పెద్ద, ఫ్రేజర్ టౌన్)

మత సంబంధమైన ప్రశ్నను ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను రాస్తున్నాను. క్రైస్ట్‌ను నడుపుతున్నది సీఎంఐ అనే కేరళ కాథలిక్ సన్యాస సభ. ఆ సభ 1831లో మాన్నానంలో మొదలయింది. 1969లో క్రైస్ట్ కాలేజీగా స్థాపించిన సంస్థకు 2008లో డీమ్డ్ యూనివర్సిటీ హోదా వచ్చింది. విద్యార్థులలో అన్ని మతాలవారూ ఉన్నారు. అమ్మాయి అమ్మమ్మగారికి మీరు చెప్పదగిన గట్టి మాట ఒకటి ఉన్నది: ప్రభుత్వ గుర్తింపు పొందిన ఏ విద్యాసంస్థలోనైనా విద్యార్థి సమ్మతి లేకుండా, మైనరైతే సంరక్షకుని సమ్మతి లేకుండా, మతబోధలోగాని ఆరాధనలోగాని పాల్గొనమని నిర్బంధించరాదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతున్నది. ప్రాంగణంలో ప్రార్థనా మందిరం కనిపిస్తుంది, క్రిస్మస్ వేడుక జరుగుతుంది. అంతమాత్రాన కంగారుపడనక్కరలేదు.

నిజం చెప్పాలంటే ఈ విషయంలో భయం మా వైపు కూడా ఉన్నది, కాకపోతే తలకిందులుగా. వేషాలు వేయడం విశ్వాసులకు తగదని మందలించే సంఘ కాపరులు (పాస్టర్లు) మన తెలుగు క్రైస్తవ సంఘాలలో ఇప్పటికీ ఉన్నారు. అదే సంఘంలో డిసెంబరు వచ్చేసరికి యౌవనస్థులు తలలకు తువ్వాళ్లు చుట్టుకుని గొర్రెల కాపరులవుతారు, దానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు! సీఎంఐ సభ స్థాపకులలో ఒకరైన కురియాకోస్ ఏలియాస్ చావర స్వయంగా క్రీస్తు జననం మీద మలయాళంలో గొర్రెల కాపరుల నాటికలు రాశారు. ఆయనను 2014లో పునీతునిగా ప్రకటించారు. కేరళ తీరంలో లాటిన్ కాథలిక్కులు పోర్చుగీసుల కాలం నుంచి కాళ్లతో నేలను తాటిస్తూ చేసే చవిట్టు నాటకం ఆడుతున్నారు. నాటకాన్ని పాఠ్యాంశంగా పెట్టడం ఆ సంప్రదాయానికి విరుద్ధమేమీ కాదు.

తల్లిదండ్రులు తెలుసుకోవలసినది వేరే ఉన్నది. మత సంస్థ నడిపే చోట, అది ఏ మతమైనా కానివ్వండి, నాటక ఇతివృత్తాల ఎంపికలో కొంత జాగ్రత్త ఉంటుంది. ఎవరి మనోభావాలనైనా గాయపరుస్తుందనిపించిన రచన ప్రదర్శన దాకా రాకపోవచ్చు. మీ అమ్మాయి వాడిగా మాట్లాడే నాటకాలు ఇష్టపడే పిల్ల అయితే ఈ విషయం ముందే తెలిసి ఉండడం మంచిది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మా అత్తగారికి 28వ అధికరణం గురించి చదివి వినిపించాను, కొంత మెత్తబడ్డారు. రిహార్సల్ వేళల గురించి ఉపాధ్యాయినిగారు రాసినది మా ఆవిడ చదివి, ఇక నన్ను మాట్లాడనివ్వడం లేదు. ఈ నెలలో ప్రాంగణానికి వెళ్లి చూడాలనుకుంటున్నాము. అక్కడ ఏమి గమనించాలి, ఏమి అడగాలి?

జవాబు 5 (నాటక ఉపాధ్యాయిని, వైట్‌ఫీల్డ్)

భవనాలను చూసి నిర్ణయించుకోవద్దు. గత విద్యా సంవత్సరంలో ఈ కోర్సు విద్యార్థులు పూర్తి నిడివి నాటకాలు ఎన్ని వేశారో, వాటిలో మొదటి సంవత్సరం పిల్లలకు ఏ పని అప్పగించారో అడగండి. బోధించేవారిలో ఇప్పటికీ బయట నాటకాలు చేస్తున్నవారు ఎందరో అడగండి. రిహార్సల్ కోసం ప్రత్యేకమైన గది ఉన్నదా, లేక తరగతి గదిలో బల్లలు పక్కకు జరుపుకుంటారా అన్నది కళ్లతో చూడండి. ప్రవేశం కోసం నటించి చూపించమంటే ఏ భాష అనుమతిస్తారో కనుక్కోండి. తెలుగుకు అభ్యంతరం లేకపోతే, కన్యాశుల్కంలోని మధురవాణి మాటలలో ఒక భాగం సిద్ధం చేసుకోమనండి. ఆ పాత్రను అర్థం చేసుకుని పలకగలిగిన పిల్లను ఏ పరీక్షకుడూ తేలికగా తీసుకోడు.

ఈలోగా జేపీ నగర్‌లోని రంగశంకరకు అమ్మాయితో కలిసి వెళ్లి, ఏ భాషదైనా సరే ఒక నాటకం చూడండి. 2004లో అరుంధతీ నాగ్ పూనికతో మొదలైన ఆ రంగశాలలో సోమవారం తప్ప దాదాపు ప్రతిరోజూ ప్రదర్శన ఉంటుంది. మారతహళ్లి నుంచి బాగా ముందుగా బయలుదేరండి. ఆట మొదలైన తరువాత అక్కడ తలుపులు తెరవరు. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్ అని చెప్పినా వినరు. తిరిగి వచ్చేటప్పుడు నటీనటులు ఎలా చేశారని కాకుండా, దీపాలు ఎప్పుడెప్పుడు మారాయి, రెండవ అంకానికి ముందు మంచం ఎవరు జరిపారు అని అమ్మాయిని అడిగి చూడండి. వాటిని గమనించి చెప్పగలిగితే ఆమెను ఈ కోర్సులో చేర్చడానికి నేనైతే వెనుకాడను.