టెన్త్ పిల్లలంతా బీటెక్ అంటున్నారు, ఈ నిర్ణయం అసలు ఎక్కడ జరుగుతోంది?

లెక్కల టీచర్:
పల్నాడులో జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మా టెన్త్ పిల్లల్ని ఏం చదువుతారు అనడిగితే సగానికి పైగా "బీటెక్ సీఎస్ఈ సార్" అన్నారు, అంటే కంప్యూటర్ సైన్స్. ఎందుకంటే పెదనాన్న కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేస్తున్నాడని ఒకరు, నాన్న చెప్పాడని ఒకరు, లెక్కలు బాగా వస్తాయని ఇంకొకరు. అందులో ఏం నేర్పుతారో మాత్రం ఎవరికీ తెలియదు. ఒకమ్మాయికి మోటార్లు విప్పి బిగించడం అంటే ప్రాణం, పొలంలో మోటారు ఆగితే తనే చూస్తుంది, తను కూడా సీఎస్ఈయే అంటోంది. టీచరుగా నేను ఎక్కడ కల్పించుకోవాలి?

కృష్ణాతీరం:
ఎంపీసీలో చేరిన రోజే సగం తేలిపోతుంది సార్. టెన్త్ పరీక్షలు అయ్యీ అవ్వకముందే కాలేజీల పీఆర్వోలు ఇంటికొచ్చి కూర్చుంటారు. బైపీసీ అంటే నీట్‌లో సీటు రాకపోతే ఏంటన్న భయం, ఎంపీసీ అయితే బీటెక్ కుదరకపోయినా డిగ్రీకో లాకో వెళ్లొచ్చన్న ధీమా. ఆ ఆలోచన సబబే, కానీ ఆ తర్వాత రెండేళ్లూ ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలే, అన్న గొడవే తప్ప ఏ బ్రాంచిలో ఏం పని ఉంటుందో ఎవరూ చెప్పరు. చివరికి కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు నిరుటి ర్యాంకులు చూసి బ్రాంచి ఎంచుకుంటారు. కాబట్టి మీరు మాట్లాడాల్సింది తొమ్మిదిలోనే.

మిరప చేను:
తల్లిదండ్రుల్ని మాత్రం తప్పుపట్టకండి. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాకే మాలాంటి కూలీల ఇళ్లలో బీటెక్ అనే మాట వినపడింది. మా వీధిలో నెల జీతం తెచ్చే మనిషంటే మాకు కనపడింది ఇంజనీరింగ్ చదివినవాళ్లే, మరి మా అమ్మ ఇంకేం చెప్తుంది? పిల్లలకు వేరే దారి చూపాలంటే ఆ దారిలో బతుకుతున్న మనిషిని బడికి తీసుకురండి, ఉపన్యాసం వద్దు.

డిప్లొమా అక్క:
ఆ మోటార్ల అమ్మాయికి పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలీసెట్ గురించి ఇప్పుడే చెప్పండి సార్. టెన్త్‌తోనే రాయొచ్చు, ఎలక్ట్రికల్‌లో మూడేళ్ల డిప్లొమా చేశాక, డిప్లొమా వాళ్లకుండే ప్రవేశ పరీక్ష ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు, అప్పటికే చేతిలో పని ఉంటుంది. ఇంట్లో అడ్డం వచ్చేది ఫీజు కాదు, "ఆడపిల్లకి ఈ మోటార్ల పని ఎందుకు" అనే చుట్టాలూ, హాస్టల్ ఎంత దూరం అన్న భయమూ. ముందు వాళ్ల నాన్నతో మాట్లాడండి, ఆయన సరేనంటే మిగతావాళ్లు సర్దుకుంటారు.

లెక్కల టీచర్:
చాలా థ్యాంక్స్ అమ్మా, ఈ ఆదివారమే వాళ్లింటికి వెళ్తాను. మీకు వీలైతే ఆ అమ్మాయితో ఒకసారి ఫోన్లో మాట్లాడతారా?